అత్తమ్మ చూపు

స్కానింగులు, రక్తపరీక్షలు అన్నీ బాగానే ఉన్నాయి. అయినా ఏడాదిగా, నెలకోసారి, హిమజ నాలుగేళ్ల కూతురు రెండు రోజులపాటు ఆగకుండా వాంతులు చేసుకుంటూనే ఉంది.

మూడో డాక్టరు ఆ కాగితాలు పక్కన పెట్టాడు. "ఇంట్లో ఎవరికన్నా మైగ్రేన్ ఉందా అమ్మా?"

"నాకుంది సార్."

"పాపదీ అలాంటిదే. కొందరు పిల్లలకు తలనొప్పికి బదులు వాంతులొస్తాయి. మందులున్నాయి. ఇందులో ఎవరి తప్పూ లేదు."

హిమజ ఆస్పత్రి మెట్ల మీదే కూర్చుండిపోయింది. అన్నం తినిపిస్తూ మనవరాలిని కళ్లార్పకుండా చూస్తుందని, ఆ దిష్టే తగులుతోందని, అత్త కమలాబాయిని ఆర్నెల్ల కింద మెట్టుగూడ ఇంటి నుంచి నేరేడ్‌మెట్‌లో ఆడబిడ్డ దగ్గరికి పంపించింది తనే.

ఫోన్ చేసింది. "అత్తమ్మా, పాపకు..." అనేలోపే కమలాబాయి అందుకుంది.

"మళ్ల కక్కిందా బిడ్డా? నేనైతే ఫోన్ల ఉన్న పాప ఫోటో సుత తీసేయించిన. యాదికొస్తే తగుల్తదేమోనని, యాదికొచ్చినప్పుడల్లా ఏదో ఒక పని షురూ చేస్తున్న. ఇంకేం చెయ్యాల్నో చెప్పు, చేస్తా."