వేళ్లు పట్టాక

మా ఆయనకు గులాబీల పిచ్చి. ఎవరి పెరట్లోనైనా అరుదైన రకం కనిపిస్తే ఒక్క కొమ్మ అడిగి తెచ్చి నాటుకుంటాడు. అది వేళ్లు పట్టగానే ఫ్లాస్కుతో మళ్లీ వెళ్లి, వాళ్ల కళ్లుగప్పి, తల్లి మొక్క మొదట్లో సలసల కాగే నీళ్లు పోసి వస్తాడు.

"పాపం కదండీ?" అన్నాను ఒకసారి.

"ఇంకోచోట కూడా ఉంటే అది అరుదెలా అవుతుందే, పిచ్చిమొహమా!" అని నవ్వాడు.

నా పిల్లికళ్లు చూసి, ఎక్కడా దొరకని రకమని ముచ్చటపడి నన్ను చేసుకున్నాడు. మా పాపకూ అచ్చం అవే కళ్లు.

ఇవాళ పాపను ఎత్తుకుని వంటింట్లోకి వచ్చాడు. "దీనికి డబ్బాపాలు అలవాటయ్యాయా?"

"అయ్యాయండీ. ఇక నాతో పనే లేదు దీనికి," అన్నాను మురిపెంగా.

పాపను నా చేతికివ్వకుండానే, ఆయన పొయ్యి మీద నీళ్లు పెట్టాడు.