ఒకే దెబ్బ

"బ్యాగ్ సర్దుకో వీర్రాజూ! రేపట్నుంచి రావద్దు."

డైరెక్టర్ పద్మిని అరుపుకి మాంట్రియల్ ల్యాబంతా బిగుసుకుపోయింది.

పగిలిన పురాతన వస్తువుల్ని తెర మీద అతికించే మిషన్ వాళ్లది. దానికి అతకడం నేర్పాలంటే ముందు పగలగొట్టాలి. అందుకే చవగ్గా కొన్న కుండల్ని సుత్తితో కొట్టి, ఆ ముక్కల్ని స్కాన్ చేసి దానికి చూపిస్తుంటారు. ఆ ముక్కల డబ్బాలోనే ఈ పొద్దున మ్యూజియం వాళ్ల ఎనిమిది వందల ఏళ్లనాటి కుండ తేలింది. ముక్కలై.

ల్యాబ్ తుడిచేది వీర్రాజే. రోజూ కాలేజీ అయ్యాక పార్ట్‌టైమ్.

"అమ్మతోడు మేడమ్, నేను ముట్టుకోలేదండి!"

ల్యాబ్‌లో జూనియర్ అయిన మధుమిత తల దించుకుంది. ముక్కలు చూడగానే ఆమెకి విషయం అర్థమైపోయింది. కానీ నోరు విప్పితే? కెనడాలో స్థిరపడటానికి పీఆర్‌కి అప్లై చేయాలంటే లెటర్ ఇవ్వాల్సింది పద్మినే.

"మన మిషన్‌నే అడుగుదాం మేడమ్," అన్నాడు సీనియర్ గోపీకృష్ణ. "అబద్ధాలాడటం దానికింకా నేర్పలేదుగా."

ముక్కలు స్కాన్ అయ్యాయి. తెర మీద కుండ మెల్లగా లేచి నిలబడింది. భుజం దగ్గర ఒక చోట మెరిసింది.

"జారి పడలేదు. పైనుంచి ఒకే దెబ్బ. సుత్తి," తెర మీది ఫలితం చదివాడు గోపీకృష్ణ.

"అంటే కావాలనే కొట్టాడన్నమాట!" పద్మిని ఒక ముక్క చేతిలోకి తీసుకుంది. అంచున ఎర్రటి మరక. "రక్తం! ఏదీ, చేతులు చూపించు."

వీర్రాజు రెండు చేతులూ చాచాడు. చిన్న గీత కూడా లేదు.

"మానిపోయుంటుంది. పోలీసుల్ని పిలుస్తా. కేసైతే నీ స్టడీ పర్మిట్ ఏమవుతుందో తెలుసా?"

చాచిన చేతులు చాచినట్టే ఉన్నాయి. మధుమిత ఇక చూడలేకపోయింది.

"ఆగండి మేడమ్! వాడికేం తెలీదు. ప్రాక్టీసు కుండనుకుని పెట్టెలోంచి ఇది తీసింది నేను."

"నువ్వా? పగలగొట్టింది నువ్వా?"

మధుమిత ఆ ముక్క అందుకుని, అంచుని వేలితో రుద్ది చూపించింది.

"కాదు మేడమ్... అది రక్తం కాదు, కుంకుమ. కొత్త మిషన్‌కి పూజ చేసిన రోజు, కొబ్బరినీళ్లు దాని మీద పడతాయని కాయకి బదులు నేను బొట్లు పెట్టి తెచ్చిన ఈ కుండని, మా అందరి చప్పట్ల మధ్య సుత్తితో కొట్టింది మీరే!"