ఒక చెంబు వాన

వాన కోసం మబ్బుల్లో మందు చల్లిన విమానం చప్పుడు ఇంకా వినబడుతూనే ఉంది. జీపు దిగిన పద్మనాభానికి, వానను కొలిచే డబ్బాలో చెంబుతో నీళ్లు పోస్తూ, ఆ డబ్బా లెక్క రాసే లాజరు కనిపించాడు.

"ఏం చేస్తున్నావయ్యా?"

లాజరు చెంబు దాచలేదు. "నీళ్లు పోస్తున్న సార్."

"ఎన్నాళ్ల నుంచి?"

"మూడేండ్ల సంది. వాన పడలేదని రాస్తే మీరు విమానం బంద్ చేస్తరు గద! వస్తుంటే, ఎన్నడన్న ఒకనాడు పడ్తదని ఆశ."

ముప్పై ఏళ్లుగా ప్రభుత్వ విమానాలను మబ్బుల్లోకి పంపిస్తున్న అధికారి పద్మనాభం. వచ్చే నెల రిటైర్మెంటు. నారాయణఖేడ్ వైపు వాన పెరిగిందని ఆయన రాసిన నివేదికకు ఈ డబ్బా లెక్కలే ఆధారం. ఆ నివేదిక చూసే ఈ మండలం పేరును కరువు జాబితాలోంచి కొట్టేశారు.

లాజరు రిజిస్టరు తెచ్చి సంతకానికి అందించాడు.

"సార్, ఒక్క మాట. ఊరంత చెరుకు నరకనీకి పోయింది. నా బిడ్డ రోజ నిండు చూలాలు, ఆడనే సచ్చిపోయింది. ఈడ కరువు పని ఉంటే నా బిడ్డ పోయేది గాదు. కరువు లిస్టుల మా మండలం పేరు ఎందుకు లేదో, మీరన్న అడుగుండ్రి."

పద్మనాభం పెన్ను తీశాడు. రిజిస్టరులో ఇవాళ్టి వాన అంకె దగ్గర ఆగాడు.

లాజరు డబ్బాలోకి తొంగిచూశాడు.

"తక్కువైందా సార్? ఇంకో చెంబు పొయ్యమంటరా?"