గుర్రం లేవలేదు

ఇలా దగ్గరికి జరిగి కూర్చో తల్లీ. ఆ ఫోను కాసేపు పక్కన పెట్టు. ఇది చెవొగ్గి వినాల్సిన సంగతి.

సినిమా అయిపోయి హాల్లో లైట్లు వెలిగాయో లేదో, ముందు వరుసలో ఒక పిల్ల కుర్చీ మీదికెక్కి నిలబడింది. ఇంకా అక్షరాలు కూడబలుక్కునే వయసు. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రగా కందిపోయింది.

"ఇది దొంగ సినిమా. గుర్రం చచ్చిపోదు," అంది.

తెర పక్కన నిలబడ్డ దర్శకురాలి గుండె జారిపోయింది. జారదూ మరి? సినిమాని జనంలోకి వదిలేముందు ఇలా పిల్లల్నీ వాళ్ళ పెద్దవాళ్ళనీ పిలిచి ఒక ఆట వేసి చూపించడం వాళ్ళ పద్ధతి. పిల్లలు మెచ్చితే సరే, లేదంటే చివర మార్చి మళ్ళీ తియ్యాల్సిందేనని నిర్మాత ముందే చెప్పి ఉంచాడు. దర్శకురాలికేమో ఆ సినిమాకి మూలమైన పిల్లల పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే తియ్యాలని పట్టుదల. చంటిపిల్లలున్న ఏ ఇంట్లో చూసినా అట్ట చిరిగిపోయిన ఆ పుస్తకం ఉంటుంది. ఒక ముసలి గుర్రం, దాని చెవిలో కాపురముండే చిట్టెలుక. చలికాలం ఒక పొద్దున గుర్రం లేవదు. ఎలుక చెవిలోంచి దిగి, దాని మొహం చుట్టూ ఒకసారి తిరిగి, ఒంటరిగా గడ్డిలోకి వెళ్ళిపోతుంది. అంతే కథ.

దర్శకురాలు ఆ పిల్ల దగ్గరికెళ్ళి, పుస్తకంలో అలాగే ఉంది కదమ్మా అని మెల్లిగా చెప్పింది. ఒప్పుకుంటేనా? ఎలుక చెవిలో తుమ్ముతుందట, గుర్రం ఉలిక్కిపడి లేస్తుందట. కావాలంటే మా నాన్ననడుగు, రోజూ ఆయనే చదువుతాడంది.

వెనకనుంచి ఇంకో పిల్ల అందుకుంది. తుమ్మడమేంటి, డాక్టరొచ్చి సూది వేస్తే లేస్తుంది, మా అమ్మ చదివింది అని. కవలపిల్లలిద్దరు, గుర్రం అసలు పడుకోనేలేదు, దాని అక్కని చూడ్డానికి పొరుగూరు వెళ్ళిందన్నారు. తాతయ్య ఒళ్ళో కూర్చున్న చిన్నదైతే ఆ పుస్తకానికి చివరంటూ ఉండదని తేల్చేసింది. గుర్రానికి చలేసిందన్న చోటికి రాగానే తాతయ్య పుస్తకం తిరగేసి మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంటాడట.

హాల్లో ఎవరి గుర్రం వాళ్ళదైపోయింది. పిల్లలు కలబడేదాకా వచ్చారు. పెద్దవాళ్ళు మాత్రం కిక్కురుమనలేదు. ఒకాయన తన చెప్పులకేసి చూసుకుంటున్నాడు. ఒకావిడ ఖాళీ సంచిలో చెయ్యిపెట్టి ఏదో వెతుకుతోంది. తాతయ్య తుడిచిన కళ్ళజోడే తుడుస్తున్నాడు. కాసేపటికి దొంగచూపులు చూసుకుంటే గానీ ఒకరి సంగతి ఒకరికి తెలిసిరాలేదు. ఆఖరి పేజీ ఉన్నదున్నట్టు చదివిన మనిషి ఆ హాల్లో ఒక్కరూ లేరు.

నిర్మాతకి కావలసింది అదే. "చూశావుగా అమ్మాయ్. కన్నవాళ్ళే పైకి చదవలేని ముక్కని నేను గోడంత చేసి చూపించాలా? చివర్లో ఆ గుర్రం లేచి నిలబడేలా మార్చెయ్," అన్నాడు.

దర్శకురాలు అడ్డంగా తల ఊపింది. దిక్కుతోచక చివరి వరుసకేసి చూసింది. ఆ పుస్తకం రాసిన పెద్దావిడ కూర్చుంది అక్కడే. చేతికర్ర ఆనించి, పక్కనున్న కూతురి భుజం పట్టుకుని లేచింది. ఆవిడ లేవడం చూసి హాలు దానంతటదే సద్దుమణిగింది.

గొంతేమీ పెంచలేదు. పిల్లల్ని వదిలేసి పెద్దవాళ్ళనే చూసి అడిగింది.

"పిల్లలు ఏడుస్తారని భయపడ్డారా, ఏడిస్తే ఏం చెప్పాలో తెలీక భయపడ్డారా?"

కుర్చీ మీద నిలబడ్డ పిల్లని చేతికర్రతో చూపించి మళ్ళీ అంది.

"ఏదో ఒక రోజు మీ ఇంట్లోనే ఎవరో ఒకరు లేవరు. అప్పుడీ పిల్ల వెళ్ళి వాళ్ళ చెవిలో తుమ్ముతుంది. లేవకపోతే ఇంకోసారి తుమ్ముతుంది. పక్కన నిలబడి చూడగలరా? ఆ ఏడుపేదో మీ ఒళ్ళో వెచ్చగా కూర్చునున్నప్పుడే ఏడవనివ్వండని రాశాను ఆ పేజీ."

చెప్పులకేసి చూసుకుంటున్నాయన తలెత్తాడు. తుమ్ము కథ చెప్పిన నాన్న ఆయనే. కుర్చీ మీంచి కూతుర్ని దించి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, లేవలేదురా, నిజంగానే లేవలేదు అని ఆ పిల్లకి మాత్రమే వినబడేలా చెప్పాడు. అది కాసేపు ఆయన చొక్కా గుండీ తిప్పుతూ ఉండిపోయింది. ఆ తర్వాత, మరి ఎలుక ఇప్పుడెక్కడ పడుకుంటుందని అడిగింది. నాకూ తెలీదు, ఇద్దరం ఆలోచిద్దామన్నాడు. పిల్ల మళ్ళీ ఏడ్చింది గానీ ఈసారి దొంగ సినిమా అనలేదు.

నిర్మాత అదంతా చూశాడు. చూసి, మెడ గోక్కుని, సరే, ఉన్నదున్నట్టే ఉండనీ అనేసి వెళ్ళిపోయాడు. దర్శకురాలు పరుగున వచ్చి పెద్దావిడ చేతులు రెండూ పట్టుకుంది. పెద్దవాళ్ళు తలలు దించుకుని ఆవిడకి దారి ఇచ్చారు.

కూతురు తల్లిని నడిపించుకుంటూ వరండాలోకి తీసుకొచ్చింది. కూతురిదీ జుట్టు నెరిసిన వయసే. బయటి తలుపు దగ్గర ఆగిపోయి, చేతిరుమాలుతో మొహం తుడుచుకుంది.

"నీ పుస్తకం నాకు కంఠతా వచ్చు కదాని నేనెప్పుడూ తెరిచి చూడలేదమ్మా," అంది. "నువ్వు నాకు చదివినప్పుడల్లా గుర్రం లేచేదిగా?"

గుర్తుంచుకో తల్లీ. రేపు నువ్వు ఎవరికైనా ఈ సంగతి చెప్పేటప్పుడు, ఈ ఆఖరి మాట మింగెయ్యకుండా చెప్పు.