గొట్టంలో తుప్పు

"ఇక్కడ సంతకం పెట్టు పెద్దమ్మా. పెదనాన్న రైఫిల్ నా లైసెన్సు మీదికి వచ్చేస్తుంది," అన్నాడు జాన్ పాల్.

"ఉండరా, ఒక్కసారి తుడిచి ఇస్తాను," అంది శౌరమ్మ.

భర్త పోయిన నాటి నుంచి ఏడాదిగా ఆ రైఫిల్ బెజవాడలోని ఈ తుపాకుల కొట్లోనే భద్రంగా ఉందనుకుంటోంది ఆమె. కడ్డీకి తెల్లగుడ్డ చుట్టి గొట్టంలోకి దూర్చి లాగింది. గుడ్డ ఎర్రగా బయటికొచ్చింది.

"చెమ్మకి తుప్పు పట్టుంటుందమ్మా," అన్నాడు కొట్టు యజమాని.

"చెమ్మయితే పైన కూడా పట్టాలి కదండీ! పైన అద్దంలా ఉంది. ఎవరో పాత మిలిటరీ తూటాలు కాల్చారు. వాటి మందులో ఉప్పుంటుంది. ఆ రోజే వేడినీళ్ళు పోసి కడక్కపోతే గొట్టాన్ని తినేస్తుంది."

యజమాని జాన్ పాల్ వంక చూశాడు.

"షూటింగ్ క్లబ్బులో సరదాగా రెండుసార్లే కాల్చా పెద్దమ్మా. ఎలాగూ నాకేగా వచ్చేది!"

"కడగడం నా చేత్తో నేర్పానుగా నీకు?"

"తొందరలో పైన నూనె రాసి పెట్టేశా. లోపలెవరు చూస్తార్లే అనుకున్నా."

శౌరమ్మ ఎర్రబడ్డ గుడ్డని బల్ల మీద పడేసింది.

"నీకే ఇమ్మని పోతూ పోతూ చెప్పారురా ఆయన. తనలాగే చూసుకుంటావని."

కాగితం యజమాని వైపు తోసింది.

"ఇది వద్దండీ. రైఫిల్ పోలీసులకి అప్పగించేస్తున్నట్టు ఇంకోటి రాయండి. దాని మీద పెడతాను సంతకం."