వరండాలో కలం తాత

“ఏయ్ పెద్దాయనా, లే అక్కణ్నుంచి!”

మంత్రిగారి ఇంటి వరండాలో కూర్చుని అర్జీ రాస్తున్న ముసలాయన తలెత్తాడు. పక్కనే ఒక అవ్వ తన గోడు చెప్పుకుంటోంది.

“రెండే రెండు లైన్లు బాబూ. ఈమెకి పింఛను ఆగి ఏడాదైంది.”

“అర్జీకి ఎంత గుంజుతున్నావ్?” అన్నాడు పీఏ.

“అయ్యో, కలం తాత పైసా ముట్టడు నాయనా!” అవ్వే అడ్డొచ్చింది.

పీఏ చేరి వారమైంది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, దళారులెవరినీ గడప తొక్కనివ్వకూడదని పంతం పట్టాడు. ఊరికే ఎవరైనా ఊళ్లోవాళ్ల అర్జీలు రాసిపెడతారా?

సారు సంగతేమైనా చిన్నదా! ముప్ఫై ఏళ్ల కిందట అనామకుడు. వరసగా గెలుస్తూ వచ్చి, ఈసారి కేబినెట్ మంత్రి అయ్యారు. “ఆయన చేతిలో అర్జీ పడితే పనైపోయినట్టే” అని జనం చెప్పుకునేవారు. ఆ పేరే ఆయన్ని అంతెత్తుకి తీసుకెళ్లింది.

“రేపట్నుంచి గేటు లోపల కనిపించకు.”

ముసలాయన లేచాడు. మిగిలిన రెండు లైన్లూ నిలబడే రాసి, కాగితం అవ్వ చేతిలో పెట్టాడు.

“సారు చేతికే ఇవ్వమ్మా. నా పేరు మాత్రం ఎత్తకు.”

రెండు నెలలు తిరిగాయి. ఒకరోజు మంత్రిగారు అర్జీల కట్ట బల్లమీద విసిరికొట్టారు.

“ఏంటయ్యా ఇవి, తలా తోకా లేకుండా! ఏ కాగితం ఎక్కడ ఆగింది, ఎవరి సంతకం కావాలి, అన్నీ అర్జీలోనే ఉండేవి ఇదివరకు. ఈ రెండు వారాలుగా ఏమొచ్చింది?”

పీఏకి వరండాలోని ముసలాయన గుర్తొచ్చాడు.

ఆ మధ్యాహ్నమే వాకబు చేసుకుంటూ ఆయన ఇంటికి వెళ్లాడు. రెండు గదుల ఇల్లు. గోడవారగా దరఖాస్తు ఫారాలు, ప్రభుత్వ ఉత్తర్వుల కాపీలు నడుమెత్తున పేర్చి ఉన్నాయి.

“తాతగారు ఉన్నారా అమ్మా?”

“పోయి పదహారు రోజులైంది నాయనా,” అంది ఆయన భార్య.

“ఏమైందమ్మా?” అన్నాడు పీఏ.

“వరండాలో వద్దన్నారట. గేటు ఎదురుగా రోడ్డుమీద నిలబడి రాసేవారు. ఆ ఎండకి పడిపోయారు. మళ్లీ లేవలేదు.”

“వద్దన్నది... నేనేనమ్మా.”

ఆమె అతన్ని పరకాయించి చూసింది.

“నువ్వేనా? ‘పాపం, ఆ కుర్రాడి తప్పేం లేదు, వాడి పని వాడు చేశాడు’ అన్నారయ్యా.”

ఆమె తిట్టినా బాగుండేది అతనికి. కళ్లు తుడుచుకున్నాడు.

“ముప్ఫై ఏళ్లపాటు మా సారు పేరు నిలబెట్టింది తాతగారే. సారంటే అంత అభిమానమా అమ్మా?”

“అభిమానం సంగతి నాకు తెలీదు నాయనా. గెలిచినా ఓడినా, ఓటేసినవాళ్లకి మాటిచ్చాం కదా అనేవారు. మీ సారు మొట్టమొదట గెలిచింది ఈయన మీదే.”