కొలతల మనిషి

"కాస్త మడత పడిందండీ. ఇంకో కాపీ ఇస్తారా?"

గేటు దగ్గర ఎవరో ముసలాయన ఆ రోజు ఆట వివరాలుండే ప్రోగ్రాం పుస్తకం వెనక్కి ఇస్తూ అడగడం టీ కొట్టులోంచి బెవ్ చూసింది.

గేటు కాసే డెస్ కళ్లు చిట్లించాడు. "చదివి పారేసేదానికి మడత పడితే ఏంటయ్యా?"

"పారెయ్యనండీ, దాచుకుంటాను. ఊరూరా ఫుట్‌బాల్ మైదానాలు చూడటం నాకో పిచ్చి. మీది వెయ్యి నూట పన్నెండోది. రెండు రైళ్లు, ఒక బస్సు మారి వచ్చాను."

"ఇంగ్లండు మొత్తంలో అట్టడుగున ఆడే జట్టు మాది. మా ఆటగాళ్ల పెళ్లాలే రారు, నువ్వొచ్చావా!"

క్యూలో వాళ్లు పగలబడి నవ్వారు. క్యూ అంటే నలుగురే.

బెవ్‌కి మాత్రం నవ్వు రాలేదు. ఆ నెల్లో మార్ల్‌బెక్ మైదానంలో కొత్త మొహం కనబడితే చాలు, ఆమె చూపు దాని వెంటే తిరిగేది.

మైదానం సొంతదారు దాన్ని ఇళ్లు కట్టే కంపెనీకి అమ్మడానికి ఒప్పుకున్నాడు. ఇక కౌన్సిల్ అనుమతి ఒక్కటే మిగిలింది. అది వస్తే అక్కడ ముప్ఫై ఆరు ఇళ్లు లేస్తాయి.

ఆ గడ్డిని నలభై ఏళ్లు సాకినవాడు బెవ్ తండ్రి. పోయే ముందు ఆయన కోరుకున్నట్టే, ఆయన బూడిదను కొండవైపు గోలు ముందు మట్టిలో కలిపారు. ఆదివారం పూట బెవ్ పువ్వులు పట్టుకుని వెళ్లేది శ్మశానానికి కాదు, అక్కడికి.

ఆట మొదలైంది. ముసలాయన ఒక కన్ను ఆట మీద, ఒక కన్ను పాత చెక్క గ్యాలరీ మీద వేశాడు. దాని పొడవునా అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాడు. జేబులోంచి టేపు తీశాడు. ఇనుప స్తంభాలను తడిమి చూసి ఏదో రాసుకున్నాడు.

తర్వాత టీ కోసం వచ్చాడు.

"చక్కెర?" అంది బెవ్.

"రెండు చెంచాలమ్మా. ఈ గ్యాలరీ ఏ ఏడాది కట్టారో తెలుసా?"

"ఎందుకు?"

"చాలా పాతదిలా ఉంది. వెనక వైపు కూడా చూడాలి. అటు వెళ్లే తలుపు తాళం ఎవరి దగ్గర ఉంటుంది?"

బెవ్ చేతిలో చెంచా ఆగిపోయింది. కప్పు అతని ముందు పెట్టి, కొట్టు అలాగే వదిలేసి గేటు దగ్గరికి పరుగెత్తింది.

"డెస్, వాడు కంపెనీ మనిషి! గ్యాలరీ కొలుస్తున్నాడు!"

విరామం విజిల్ మోగేసరికి డెస్ ఇద్దరిని వెంటేసుకుని ముసలాయన ముందు నిలబడ్డాడు.

"ఏం పెద్దాయనా, మైదానాల పిచ్చి అన్నావు. టేపు పిచ్చి కూడా ఉందా?"

"అది... సోమవారంలోగా ఈ కొలతలు కౌన్సిల్‌కి అందాలండీ. అందుకని..."

"విన్నారా! వాడి నోటితో వాడే చెప్పాడు!"

"కాదండీ, ముందు నా మాట..."

"నీ మాటలు గేటు బయట చెప్పుకో."

ముసలాయన బెదిరిపోయాడు. "పోనీ, రెండో సగం చూడనివ్వండి. మూలన నిలబడతాను. సగం ఆట చూస్తే ఈ మైదానం నా లెక్కలోకి రాదండీ."

"మా లెక్కలోకి నువ్వే రావు, నడు!" అన్నాడు వెనకనుంచి ఒకడు.

బెవ్ అతని మొహంలో మొహం పెట్టింది.

"అదిగో, ఆ గోలు ముందు మా నాన్న ఉన్నాడు. బూడిదై ఉన్నాడు. ఆయన మీద మీరు పడగ్గది కడతారా, మరుగుదొడ్డి కడతారా? అది కూడా కొలుచుకుని పో!"

ముసలాయన గోలు వైపు తిరిగి, మెల్లగా టోపీ తీశాడు.

"వేషాలు చూడు," అంది బెవ్.

డెస్ అతని మోచెయ్యి పట్టుకుని గేటు దాటించాడు. అతను వదిలిపోయిన టీని బెవ్ మట్టిలో పారబోసింది.

ఆట అయ్యాక గోలు దగ్గరికి వెళ్లి, "ఒకణ్ణి గెంటేశాం నాన్నా," అని చెప్పుకుంది. చాన్నాళ్ల తర్వాత ఆమెకు కడుపు నిండినట్టు అనిపించింది.

మూడు వారాల తర్వాత, కౌన్సిల్ హాల్లో సభ్యులు చేతులెత్తి ఓటేశారు. అనుమతి ఇచ్చేశారు. పట్టుమని పది నిమిషాలు పట్టలేదు.

బెవ్ లేచి, కంపెనీ తరఫున వచ్చినతని మీదికి వెళ్లింది. "మీ కొలతల ముసలాణ్ణి గెంటేసినా మీ పని అయిపోయిందిగా! ఇప్పుడు సంతోషమా?"

అతను తెల్లబోయాడు. "ఏ ముసలాయనండీ? మా కొలతలు నిరుడే అయిపోయాయి. మేమెవర్నీ పంపలేదు."

బల్ల వెనక ఉన్న ఆఫీసరమ్మ తలెత్తింది.

"పిల్లింగ్ గారి గురించా? మీ గ్యాలరీని పాత కట్టడాల రక్షణ జాబితాలో చేర్చమని ఆయన దరఖాస్తు పెట్టారు. చేర్చి ఉంటే అక్కడ ఒక్క ఇటుక కూడా పడేది కాదు. గడువులోగా వెనక వైపు కొలతలు, కట్టిన ఏడాది రాలేదు. కొట్టేశాం."

బెవ్ పక్కనున్న డెస్ వైపు తిరిగింది.

"మేమంతా వద్దంటూనే ఉన్నాం కదమ్మా!" అన్నాడు డెస్.

"ఎక్కడ అన్నారు?" ఆఫీసరమ్మ ఫైలు వాళ్ల వైపు తిప్పింది. "మీ మైదానం కోసం మాకు కాగితం పెట్టింది ఆయనొక్కరే."